మొదటి కుళాయి

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో పబ్ లీజుకు తీసుకుంటున్నప్పుడు, నాకు అన్నయ్య వరసయ్యే కృష్ణప్రసాద్ మా ఆయనకు మాటిచ్చాడు. "బావా, మొదటి కుళాయి నీ బీరుదే!" ఆ మాట పట్టుకుని మా ఆయన నవదీప్ పక్క ఊరు షానన్‌లో ఉద్యోగం మానేసి, ఊరి చివర షెడ్డులో లైసెన్సుతో బీరు తయారీ మొదలుపెట్టాడు. శనాదివారాల్లో పబ్ గోడలకు రంగులు కూడా వేసిపెట్టాడు.

తీరా ప్రారంభోత్సవానికి వెళ్తే, కౌంటరు మీది బీరు కుళాయిలన్నిటి మీదా ఒకే పెద్ద బీరు కంపెనీ పేరుంది.

"బిల్డింగ్ వాళ్లదే బావా. వాళ్ల బీరు తప్ప బయటిది అమ్మకూడదని లీజులోనే ఉంది."

"సంతకం పెట్టేముందు చూసుకోలేదా?"

"చూశాలే. ముందే చెబితే నువ్వు రంగులు వేయడానికి వచ్చేవాడివా?" అని నవ్వాడు కృష్ణప్రసాద్. ఎంతైనా నిజాయితీపరుడు.

మా ఆయన నవ్వలేదు. ఆయన గోళ్లలో ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు.

నేను ఇంట్లో చేసి తెచ్చిన మిరపకాయ బజ్జీల పళ్లెం కృష్ణప్రసాద్ నా చేతిలోంచి అందుకోబోయాడు. "ఇలా ఇవ్వు చెల్లెమ్మా, అందరూ వీటికోసమే చూస్తున్నారు."

"ఇదీ బయటి సరుకే అన్నయ్యా. మీ లీజుకు ఇబ్బంది," అని మూత పెట్టేశాను.

కారులో పళ్లెం మా ఆయన ఒళ్లో పెట్టాను. ఇల్లు చేరేదాకా ఆయన ఒక్క బజ్జీ కూడా ముట్టలేదు.