దిష్టి వాటరు

నేను ఒక ప్యానెల్‌ని. ప్యానెల్ అనగానే యూనియన్ ఎన్నికల్లో నిలబడే జట్టు అనుకునేరు. నేను నిలబడే రకం కాదు, పడుకునే రకం. వెల్లకిలా పడుకుని, మొహం మీద ఎండ చేత కొట్టించుకుని, ఆ దెబ్బల్ని కరెంటుగా మార్చి కిందికి పంపడం నా వృత్తి. పూర్తి పేరు సోలార్ ప్యానెల్. నాది నూట అరవై వాట్లు. తిన్న వాతలు అంతకంటే ఎక్కువే ఉంటాయి.

నా పుట్టుక కథ పసిపిల్లల ముందు చెప్పేది కాదు. ఇసకని కొలిమిలో వేసి కరిగించారు. కరిగినదాన్ని గడ్డ కట్టించారు. ఆ గడ్డని వెంట్రుకంత సన్నటి తీగతో పరపరా కోసి బిళ్లలు చేశారు. ఎవరికైనా తల తీసేస్తే కనీసం మొండెం మిగులుతుంది. నాకు అదీ మిగల్లేదు. ఆ బిళ్లల్ని వరసగా కుట్టి, పైన గాజు పలక వేసి, అట్టు కాల్చినట్టు వేడి పెనం మీద అదిమి, చుట్టూ అల్యూమినియం చట్రం కొట్టారు. చివర్లో ఒకాయన నా మొహం మీద ఇనప గుండు పడేసి చూశాడు. పగల్లేదు. "పాస్" అన్నాడు. పగలు పనిచేయాలంటే పగలకూడదట. నాకు నేర్పిన చదువంతా ఇదే. మనుషుల పగల గురించి మాత్రం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పలేదు.

అది నేర్పింది నా మొదటి యజమానులు. కొల్లేటి వైపు చేపల చెరువు గట్టు మీద, కాపలా గుడిసె నెత్తిన కూర్చోబెట్టారు నన్ను. ఇద్దరన్నదమ్ములు. చెరువు ఒకటే, గట్టు ఒకటే, గొడవలు మాత్రం ఎవరివి వాళ్లకు. ఒకరోజు అన్న తమ్ముడి మీద గడ్డపార విసిరాడు. తమ్ముడు తప్పుకున్నాడు. నేను తప్పుకోలేను గదా, బోల్టులతో కట్టేసి ఉన్నాను. నా చట్రం మూల వంకర పోయింది. చెరువుని పంచుకున్నప్పుడు నన్ను ఇద్దరూ వద్దన్నారు. అచ్చిరాని వస్తువట. గడ్డపార మాత్రం అచ్చొచ్చినట్టుంది, ఇద్దరూ కావాలన్నారు.

అలా బెజవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల మధ్య దుమ్ము తింటున్న నన్ను ఖాజావలి అనే కరెంటు మేస్త్రీ ఏరుకొచ్చి ఒక ట్రైలరు ఎక్కించాడు. సినిమా ట్రైలరు ముందు వస్తుంది. ఇది లారీ వెనక వస్తుంది. రేకు కప్పు, ప్లైవుడ్ గోడలు, నాలుగు చక్రాలు, లోపల రెండు మంచాలు, ఒక స్టవ్వు. అదే ఇల్లు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడ తిరునాళ్ల జరిగితే అక్కడికి ఈడ్చుకుపోయే ఇల్లు.

ఆ ఇంటి వాళ్లది మృత్యుబావి. చెక్కలతో బావిలా కట్టి, లోపల నిలువు గోడ మీద మోటారు సైకిల్ గిర్రున తిప్పే ఆట. పైన అంచు చుట్టూ నిలబడి జనం చూస్తారు. ఒకప్పుడు మాల్యాద్రి తోలేవాడు. మోకాలు చితికాక అతని భార్య వెంగమ్మ తోలుతోంది. మేనత్త కొడుకునే చేసుకుంది కాబట్టి మొగుణ్ణి "బావా" అనే పిలుస్తుంది. బావ బావి బయట మైకు పట్టుకుంటాడు, ఆమె బావిలోకి దిగుతుంది. ఆమెకి అత్త, మాల్యాద్రికి తల్లి అంకమ్మ. పేరుకు తగ్గ మనిషి.

వెంగమ్మకి సుగరు. రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఆ మందు చల్లగా ఉండాలి, వేడెక్కితే ఉత్త నీళ్లే. తిరునాళ్లలో కరెంటంతా బ్రహ్మయ్యది. బ్రహ్మ అంటే తలరాతలు రాసేవాడు. ఈ బ్రహ్మయ్య తలలు పగలగొట్టేవాడు. అతనికి పెద్ద జనరేటర్ ఉంది. జనానికి రేటు కట్టే యంత్రం కాబట్టి అది నిజంగానే జన-రేటర్. సాయంత్రం ఆటలకి వేసి, పొద్దున్నే కట్టేసేవాడు. మందు కోసం పగలు ఒక్క తీగ ఇవ్వమని వెంగమ్మ అడిగింది. "నీ సుగరుకి నా డీజిలా" అని నవ్వాడు. పోయినేడు అలాగే మందు చెడింది. అది తెలియక సూది వేసుకున్న వెంగమ్మకి గోడ మీద తిరుగుతుండగా కళ్లు మసకలు కమ్మాయి. పైనుంచి బండితో సహా పడింది. పక్కటెముకలు విరిగాయి. ఇంకోసారి పడితే విరగడానికి ఏమీ మిగలదు. అందుకే బుల్లి ఫ్రిజ్జు కొన్నారు, దాని కోసం నన్ను తెచ్చారు. నేను పగలంతా పనిచేస్తే ఆమె గోడ మీద ఉంటుంది. నేను మానేస్తే ఆమె కింద ఉంటుంది. నా బతుక్కి ఇంత బరువు అంతకుముందు ఎవరూ కట్టలేదు.

నన్ను బిగించిన రోజు చెబుతాను వినండి. ఖాజావలి కప్పెక్కి డ్రిల్లు ఆన్ చేశాడు. అది రేకుని పొడిచింది, రేకు కింద ప్లైవుడ్‌ని పొడిచింది, ఆ ఊపులో ఇంకాస్త దిగి, కింద మంచం మీద కునుకు తీస్తున్న మాల్యాద్రి ముక్కుకి బెత్తెడు దూరంలో ఆగింది.

"ఒరే వలీ," కింద నుంచి గొంతు వినిపించింది. "నేను ప్యానెల్ పెట్టమన్నా గానీ ముక్కుపుడక పెట్టమన్నానంట్రా?"

"నువ్వు తల పక్కకి తిప్పుకో మామా. ఇంకా మూడు బెజ్జాలున్నయ్."

వోల్టులు రావాలంటే ముందు బోల్టులు దిగాలి. నాలుగు మూలలా బిగించి, బెజ్జాల్లోకి వాన దిగకుండా రబ్బరు జిగురు పూసి, నా తోకలు రెండూ లోపలికి లాగి, మంచం కింద బ్యాటరీకి కలిపాడు. ఫ్రిజ్జు గుర్రుమంది. వెంగమ్మ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది.

అంతా బాగానే ఉంది. పోతూ పోతూ ఖాజావలి ఒక్క మాట అన్నాడు. ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది.

"పెద్దమ్మా, దీనికి పెద్ద చాకిరీ ఏం లేదు. నెలకోసారి డిస్టిల్ వాటర్ పొయ్యండి. మర్చిపోతే మొత్తం పాడైపోద్ది."

ఆ మాట బ్యాటరీ గురించి. కానీ చేతిలో స్క్రూడ్రైవరు నా వైపు చూపిస్తోంది. పైగా నోట్లో కిళ్లీ. ఆయన అన్నది డిస్టిల్ వాటరు. అంకమ్మ విన్నది దిష్టి వాటరు.

"ఆ ముక్క నువ్వు నాకు చెప్పాలంటయ్యా," అంది అంకమ్మ, ఈ మేస్త్రీకి ఇంత భక్తి ఉందా అని మెచ్చుకుంటూ.

నాకు నోరుంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. మా జాతికి కరెంటు ఉంది గానీ నోరు లేదు. మనుషులకి అది తిరగబడి ఉంది.

అంకమ్మ మర్నాడే పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసింది. కోడలి తల చుట్టూ తిప్పింది. నిచ్చెనెక్కి వచ్చి నా మొహం మీద దభేల్‌మని కుమ్మరించింది. నెలకోసారి చాలదనుకుంది. వందల మంది కళ్లు కోడలి మీద పడుతుంటే నెలదాకా ఆగుతుందా? ఊరు మారినప్పుడల్లా ఒక గిన్నె. నీళ్లు ఎండిపోయేవి, సున్నం మిగిలేది. సున్నం మీద సున్నం. నాకున్న బిళ్లలన్నీ ఒకే దండలో గుచ్చినవి. ఒకదానికి కళ్లు మూసుకుపోతే దండంతా నీరసిస్తుంది. కప్పబడ్డ బిళ్ల సలసలా కాగి నల్లబడింది. అటు మంచం కింద బ్యాటరీకి చుక్క నీరు లేక గొంతెండిపోతోంది. పైన నాకు నీళ్లు ఎక్కువై చావు, కింద దానికి నీళ్లు లేక చావు. మోకాలి మనిషి మాల్యాద్రి నిచ్చెన ఎక్కలేడు. వెంగమ్మని అంకమ్మ ఎక్కనివ్వదు. "నీకు గోడలు చాల్లే, కప్పులు నేను చూసుకుంటా" అనేది.

ఆ రోజుల్లోనే బ్రహ్మయ్య మా ట్రైలరు ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనక నలుగురు.

"ఏరా మాల్యాద్రీ, నెత్తిన అద్దం పెట్టుకున్నావంట. సోకులా?"

"షాకులు, అన్నా. ముట్టుకుంటే తెలుసుద్ది."

"ఈ తిరునాళ్లలో వెలుగు నాది. నిన్ను చూసి రేపు బజ్జీల బండోడు కూడా అద్దం పెడతాడు. దింపు. లేకపోతే నేను దింపుతా."

దింపలేదు. వారం తిరక్కుండానే ఫ్రిజ్జు లోపల చల్లదనం చచ్చింది. పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది, శవం మొహాన పౌడరులాగా. సాయంత్రం ఆటకి ముందు మాల్యాద్రి మందు సీసా చేత్తో పట్టుకున్నాడు. వేడి. అప్పటికే వెంగమ్మ రెండు రోజులుగా ఆ నీళ్లనే పొడుచుకుంటోంది. అతను ఒకపక్క ఖాజావలికి ఫోన్ కొడుతూ, ఒకపక్క కుంటుకుంటూ బావి వైపు పరిగెత్తాడు. లోపల బండి అప్పటికే గోడెక్కింది.

నా మొహం ఆకాశం వైపు బిగించారు, బావిలోకి చూడలేను. చప్పుడు మాత్రం వింటాను. గుండ్రంగా తిరిగే చప్పుడు. అది ఒక్కసారి కీచుమంది. చెక్కలు ఫెళఫెళలాడాయి. తర్వాత జనం గొంతులు తప్ప ఏమీ లేదు.

ప్రాణం ఉంది. మోచెయ్యి దగ్గర ఎముక తెల్లగా బయటికి వచ్చింది. ఆమెని తువ్వాలు చుట్టి మా ట్రైలరు నీడన పడుకోబెట్టారు. మాల్యాద్రి ఆ చేతిని చూశాడు, నన్ను చూశాడు, జనరేటర్ వైపు చూశాడు. మోటారు సైకిల్ చైను తీశాడు.

"నేను ముట్టుకోలేదురా ఆ అద్దాన్ని," అన్నాడు బ్రహ్మయ్య. జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు, ఎవరూ నమ్మలేదు.

చైను ముందు డీజిలు డబ్బాకి తగిలింది, తర్వాత ఒకడి మోకాలికి, తర్వాత ఇంకొకడి పళ్లకి. ఆ పళ్లు గాజుల కొట్టులో రాలాయి. బ్రహ్మయ్య మనుషులు గునపాలు ఎత్తారు. జీళ్లు అమ్మే ఆమె తక్కెడ రాళ్లు విసిరింది, ఎవరి పక్షమో ఆమెకే తెలియదు. ఒకడు నా మీద బండరాయి విసిరాడు. ఇనప గుండుకి పగలని మొహం దానికి పగిలింది. సాలెగూడులా మూల నుంచి మూలకి పగిలింది. అప్పటిదాకా బజ్జీల బండి కింద దాక్కున్న తాగుబోతులు ఇద్దరు లేచి ఒకర్నొకరు కొట్టుకుని, నా నీడలోనే సోలారు. సోలార్ కింద సోలారు. ఇంత రక్తంలో మీరు నవ్వితే తప్పు నాది కాదు.

మాల్యాద్రి చేతులు రెండూ ఇద్దరు విరిచి పట్టుకున్నారు. పళ్లు మాత్రం పట్టుకోలేదు. బ్రహ్మయ్య కుడి చెవి తమ్మె మాల్యాద్రి నోట్లోకి వచ్చింది. అతను దాన్ని నేల మీద ఉమ్మి, రెండో చెవి కోసం వెతుకుతున్నాడు.

సరిగ్గా అప్పుడు ఖాజావలి స్కూటరు దిగాడు. గొడవని చూడలేదు. పైకి చూశాడు. నిచ్చెన మీద అంకమ్మ ఉంది. చేతిలో గిన్నెడు ఎర్రనీళ్లు. ఇంత ఘోరం జరిగిందంటే ఎంత దిష్టి తగిలిందో అని ఏడుస్తూ కలుపుకొచ్చింది.

"పెద్దమ్మా, ఏం పోస్తన్నావ్ అక్కడ?"

"నువ్వు చెప్పిందేనయ్యా. దిష్టి వాటరు."

"నేనా? దిష్టా?"

"నెలకోసారి పొయ్యమన్నావ్ గదా. నేను తిరునాళ్లకోసారి పోస్తన్నా. అయినా పిల్ల పడిపోయింది. ఇంకా చిక్కగా కలపాలేమో చెప్పు నాయనా."

ఖాజావలి ఈసారి కిళ్లీ ఉమ్మేసి చెప్పాడు. "డిస్టిల్ వాటర్ పెద్దమ్మా. బ్యాటరీ నీళ్లు. మంచం కిందదానికి."

మాల్యాద్రి పళ్లు ఆగాయి. గునపాలు ఆగాయి. అంకమ్మ చేతిలో గిన్నె పక్కకి ఒరిగింది. ఎర్రనీళ్లు ఆమె చీర మీదే ఒలుకుతున్నాయి.

బ్రహ్మయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి కారుతున్న రక్తాన్ని చూసుకున్నాడు.

"అంటే నా చెవి ఊరికే పోయిందా?"

నేల మీద నుంచి వెంగమ్మ అంది, కళ్లు తెరవకుండానే: "ఊరికే ఎట్టా పోద్ది. పోయినేడు నా పక్కటెముకలు పోయినయ్ గదా. దాని కింద జమేసుకో."

పోలీసులు వచ్చారు. బ్యాటరీకి చార్జి లేదు గానీ మిగతా అందరికీ లాఠీ చార్జి దొరికింది. వెంగమ్మని ఆస్పత్రికి తీసుకుపోయారు. అంకమ్మ పోలేదు. నిచ్చెనెక్కి నా పక్కన కూర్చుంది. చీర కొంగు తడిపి తుడిచింది. సున్నం కదల్లేదు. గోటితో గీకింది. కదల్లేదు. చివరికి బండి ముందు దిష్టికి కట్టిన నిమ్మకాయలు పీకి, కోసి, నా పగిలిన మొహం మీద రుద్దడం మొదలుపెట్టింది. పులుపు తగిలి సున్నం బుసబుసా పొంగి వదిలింది. ఆ రసం ప్రతి పగులులోకీ దిగింది. కొలిమి, గడ్డపార, డ్రిల్లు, బండరాయి, ఏదీ ఇంత మండలేదు. ఏదీ ఇంత చల్లగానూ లేదు. ఖాజావలి కొత్త నీళ్లు పోసి సరిచేసిన బ్యాటరీ మర్నాటి ఎండకి తేరుకుంది. వెంగమ్మ చేతికి కట్టుతో తిరిగొచ్చేసరికి ఫ్రిజ్జు గుర్రుమంటోంది. కొత్త మందు లోపలికి వెళ్లింది.

ఇప్పుడు నావి నూట అరవై వాట్లు కావు, సగం ఉంటాయేమో. పగుళ్లలోంచి చెమ్మ దిగుతోంది. ఇంకొన్ని వానలకి మళ్లీ ఆటోనగర్ దుమ్ములోకే పోతాను. సగం మొహం సుగరు మందుకి చాలు. బ్రహ్మయ్య ట్రైలరు పక్కగా వెళ్లేటప్పుడు తల ఎత్తడు, రుమాలు చెవి మీదికి లాక్కుంటాడు.

అంకమ్మ మాత్రం మారలేదు, అనుకునేరు. మారింది. ఇప్పుడు నెలకోసారి, ఆటకి ముందు వెంగమ్మని నిలబెట్టి, ఖాజావలి ఇచ్చిన డిస్టిల్ వాటర్ డబ్బాని ఆమె తల చుట్టూ తిప్పుతుంది. నోట్లో ఏదో గొణుగుతుంది. తర్వాత మంచం కిందికి వంగి, చుక్క కింద పడకుండా బ్యాటరీలో ఎంత కావాలో అంత పోస్తుంది. ఖాజావలి మూత తీసి చూసుకుంటాడు. కొలత సరిగ్గానే ఉంటుంది.

తర్వాత, చెయ్యి అతుక్కున్న వెంగమ్మ బావిలోకి దిగుతుంది. నేను చూడలేను, వింటాను. బండి గోడెక్కుతుంది. చప్పుడు గుండ్రంగా, తెగకుండా తిరుగుతుంది. అది తిరుగుతున్నంత సేపూ పగిలిన నాకు చీకటి పడ్డాక కూడా పగలే.