కాళ్ళు మాత్రం ఫ్లషింగులో

రాత్రి వంటకు ముందు మిసుక్ వంటింటి కిటికీ తెరిచి రెండు చేతులూ చాపుతుంది. అవతలి సందులోంచి చెల్లెలు కడిగిన ముల్లంగి అందిస్తుంది. ఇవతల న్యూయార్కులో ఫ్లషింగు పేట, భోజనాల వేళ. అవతల కొరియాలో దేగు ఊరు, మర్నాటి పొద్దు. మా మేడలో దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. పై అంతస్తులో నేను కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ కనిపిస్తుంది. ఎవరి ముఖానికి తగ్గ కిటికీ వాళ్ళది.

మిసుక్ కూతురు యెసుల్ మూడో ఏట కొరియా వదిలింది. ఇక్కడ ఉండిపోవడానికి కావలసిన కార్డు ఇంకా రాలేదు కాబట్టి, ఆమె కోరుకున్న కాలేజీ ఆమెను విదేశీయుల వరసలో పెట్టింది. కొరియా మొత్తం మీద ఏటా ఒక్కరినే తీసుకుంటారట. ఇంటర్వ్యూ కూడా దేగులోనే. దేశం దాటితే మళ్ళీ రానివ్వరని వకీలు చెప్పాడు.

యెసుల్ పిన్ని కొడుకు దోజున్ అవతలి గోడ ఎగబాకి కిటికీ గట్టు మీద మోచేతులాన్చాడు. వాళ్ళమ్మ చుట్టపుచూపుగా వచ్చినప్పుడు ఫ్లషింగులో పుట్టాడు గనక వాడికి అమెరికా పాస్‌పోర్టుంది. వాడూ అదే కాలేజీకి రాశాడు.

"నేను స్థానికుణ్ణట అక్కా. మీ సబ్‌వే రైలు ఎటెక్కాలో కాస్త చెప్పు. స్థానికుడికి తెలియకపోతే బాగోదు."

"వేళాకోళం చాలుగానీ, కాలేజీ తరఫున ఇంటర్వ్యూ చేసే ఆయన్ని ఇటు తీసుకురా."

దోజున్ తీసుకొచ్చిన బే సారు సందులో నిలబడి పైకి చూశాడు. యెసుల్ నడుము దాకా కిటికీ బయటికి వంగి ఉంది. లోపల మిసుక్ ఆమె మడమలు పట్టుకుంది.

"దిగి రామ్మా, కూర్చుని మాట్లాడుకుందాం."

"రాలేను సార్. కాళ్ళు అమెరికాలో ఉన్నాయి."

ఆమె బస్సు తప్పిపోయిందని చెప్పినంత మామూలుగా ఆయన తలూపాడు. "లెక్కల్లో మొదటి స్థానం, వయొలిన్. నా సంచీలో ఉన్నవాళ్ళంతా ఇంతే. నిన్నే ఎందుకు పంపాలి?"

"నన్ను పంపక్కర్లేదు సార్. నేను అక్కడే ఉన్నాను."

ఆయన ఫైలు ఎత్తి పట్టుకున్నాడు. "ఇక్కడ సంతకం పెట్టు."

యెసుల్ చెయ్యి చాపింది. అందలేదు. ఇంకాస్త వంగింది. ఒక చెప్పు ఊడి వంటింట్లో పడింది.

"అమ్మా, వదలకు."

"నేను వదల్లేదే. నువ్వే జారుతున్నావు."

బే సారు చూశాడు. "ఆగు, నేనే వస్తా," అని బూట్లు విప్పి, దోజున్ భుజం ఊతగా కిటికీ ఎక్కి వంటింట్లోకి దిగాడు. నెత్తిమీదుగా విమానం పోయింది, గిన్నెలు గలగలలాడాయి. ఆయన ఫ్రిజ్‌కు అంటించిన స్కూలు బస్సు వేళలు చదివాడు, నిలబడే బార్లీ టీ తాగాడు.

"ఈ గదిలో వీసా లేనివాణ్ణి నేనొక్కణ్ణే," అన్నాడు. ఫైలు మీద 'ఇంటర్వ్యూ జరిగిన చోటు: ఫ్లషింగు. అభ్యర్థిని స్థానికురాలు' అని రాసుకుని, వచ్చిన దారినే పోయాడు.

ఆయన వెళ్ళాక కూడా మిసుక్ మడమలు వదల్లేదు.

వసంతంలో యెసుల్‌కు స్థానికుల వరసలో సీటొచ్చింది. దోజున్‌కు రాలేదు. ఆ వరసలో మా ఆసియా ముఖాలు ఇన్నే ఉండాలన్న లెక్కేదీ లేదని కాలేజీ చెబుతుంది. కావచ్చు.

ఆ రాత్రి ముల్లంగి కోసం యెసులే చేతులు చాపింది. అవతల దోజున్.

"అభినందనలు అక్కా."

"దోజున్..."

"సబ్‌వే సంగతి ఇక చెప్పక్కర్లేదులే."

ముల్లంగి ఆమె చేతుల్లోకి వచ్చింది. వాడి చేతులు దాన్ని ఇంకా వదల్లేదు.