ఆమెన్‌కి ముందు

“నువ్వు వెళ్తే చాలు. ముందు ప్రార్థన చెయ్యి, తర్వాత సంగతి చెప్పు. నీ ప్రార్థన విన్నాక కాదన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు,” అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

చిన్నమ్మ చేతిలో కత్తెర ఉంది. భోజనాల బల్ల మీద నిన్న వచ్చిన పేము బుట్టలున్నాయి. ఒక్కొక్కటీ తిప్పి, పొడుచుకొచ్చిన కొసలు కత్తిరించి, లోపల గుడ్డ కుట్టి, ఎక్కడా గుచ్చుకోకుండా అంచంతా వేలితో తడిమి చూడడం ఆమె పని. దాన్ని పని అని ఎవరూ అనరు. “మా ఆవిడ ఊరికే సాయం చేస్తుంటుంది,” అంటాడు భర్త షాపుకి వచ్చినవాళ్ళతో. ముద్దుగానే అంటాడు. ఆ ‘ఊరికే’లో ఆమె మధ్యాహ్నాలన్నీ ఉన్నాయి.

ఏదో హోటలు వాళ్ళకి ఇరవై రోజుల్లో అరవై బుట్టలు కావాలి. అల్లేది బుట్టలక్క ఒక్కతే. ఆమెను ఒప్పించి రావాలి.

ఈ చేతిపనుల షాపు పెట్టింది అత్తగారు. ఆవిడ పోయి ఐదు నెలలైంది. కళ్ళజోడు ఇంకా కిటికీ దగ్గరే ఉంది. తియ్యడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. చేతిపని తెచ్చేవాళ్ళు వీధి తలుపు నుంచే రావాలని, కుర్చీలోనే కూర్చోవాలని, ‘మీరు’ అనే పిలవాలని ఆవిడ నియమం. ఎన్ని చెయ్యగలరో, ఎన్నాళ్ళు పడుతుందో వాళ్ళ నోటితోనే చెప్పనిచ్చేది. మాట కుదిరాక, చిట్టచివర, ఇద్దరూ కలిసి చిన్న ప్రార్థన చేసుకునేవాళ్ళు. “దేవుణ్ణి బేరానికి సాక్షిగా పిలవాలే, దళారీగా కాదు,” అనేది కోడలితో. అప్పుడు చిన్నమ్మ నవ్వి ఊరుకుంది. ఆవిడ పోయాక షాపు కొడుకు చేతికొచ్చింది. ప్రార్థన ముందుకొచ్చింది. కావాలని మార్చాడని కాదు. అలా అయితే పని తేలిగ్గా అవుతోందని తోచింది, అంతే. చిన్నమ్మ గొంతు మెత్తన. ఆమెకీ ఏమీ అనిపించలేదు.

బుట్టలక్క ఇల్లు రెండు వీధుల అవతల. ఒకటే గది, వెనక చిన్న పెరడు. గాబులో పేము బద్దలు నానుతున్నాయి. చిన్నమ్మను చూడగానే అక్క కుర్చీని కొంగుతో తుడిచింది.

“రండి చిన్నమ్మగారూ. ఏంటి, నీడలా అయిపోయారు? తింటున్నారా, వడ్డించడంతోనే కడుపు నిండిపోతోందా?”

“తింటున్నానక్కా. మీ వేలికి ఏమైంది?”

బొటనవేలికి గుడ్డ కట్టుంది. “దానికేం, రాణీగారు. కొత్త బట్ట కట్టుకుని కూర్చుంది. పని మాత్రం మిగతా తొమ్మిదీ చేస్తున్నాయి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత చిన్నమ్మ, అలవాటైపోయిన మాటే, “ప్రార్థన చేసుకుందామా అక్కా?” అంది.

అక్క చేతులు జోడించింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

“ఏమనుకోకండి తల్లీ. ఎన్ని కావాలో ముందే చెప్పెయ్యండి. కళ్ళు మూసుకున్నాక నాకు దేవుడు కనపడట్లేదు. ఈసారి ఎన్ని బుట్టలో, ఎన్ని రోజుల్లోనో అని గుండె కొట్టుకుంటోంది. పెద్దమ్మగారు ఆఖర్న చేసేవారు. ముందు చేసేస్తే, ఆమెన్ అన్నాక కాదనడం నా వల్ల కాదు. దేవుడికి మాటిచ్చి తప్పినట్టుంటుంది. పోయినసారి వేలు వాచిపోయినా ఒప్పుకున్నది అందుకే.”

చిన్నమ్మకి చెంపలు వేడెక్కాయి. తన గొంతు మెత్తనిదని మురిసిపోయిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎవరినీ మోసం చెయ్యలేదు, ఎవరి మీదా అరవలేదు, ఒక్క కటువు మాట అనలేదు. కటువుగా అని ఉంటే అక్క తిరిగి ఒక మాట అనేది. ఇంత మెత్తగా అడిగితే ఇక ఏమంటుంది? అత్తగారి మాట గుర్తొచ్చింది. దేవుణ్ణి దళారీగా పిలిచింది భర్తేనని అనుకోవచ్చు. కానీ అక్క ముందు కూర్చుని అడిగింది తను.

“అరవై అడుగుతున్నారక్కా. ఇరవై రోజుల్లో. అది వాళ్ళ మాట. మీకెన్ని కుదురుతాయి?”

అక్క గాబు వైపు చూసింది, వేలి వైపు చూసింది, ఏదో లెక్కేసుకుంది. చిన్నమ్మ తొందరపెట్టలేదు.

“పాతిక. అదీ నెల రోజులకి. అయ్యగారు కోప్పడతారేమో.”

“పాతికే చెప్తాను.”

“అయితే ఇప్పుడు చేసుకుందాం. ఇవాళ నేను చేస్తా,” అని అక్క కళ్ళు మూసుకుంది. “ప్రభువా, అయ్యగారు మంచోరే, కాస్త తొందరెక్కువ. ఆయనకి నెమ్మదియ్యి. ఈ బిడ్డ అత్తగారు పోయిన కాణ్ణించి సరిగ్గా ఏడవలేదు. వంటింట్లోనైనా కాసేపు ఏడవనియ్యి. నా వేలి సంగతి నీకు తెలిసిందే. ఆమెన్.”

చిన్నమ్మ అక్కడే, ఆ కుర్చీలోనే ఏడ్చింది. అక్క గుడ్డ కట్టిన చేత్తో ఆమె వీపు నిమిరింది.

మధ్యాహ్నం భర్త భోజనానికొచ్చాడు.

“పాతికా? నెల రోజులా? ప్రార్థన చెయ్యలేదా నువ్వు?”

“చేసుకున్నాం. మాట కుదిరాక.”

అతనికి కోపం రాలేదు. తెల్లబోయాడు. “సరే, హోటలు వాళ్ళకి ఏదో చెప్తాలే,” అని గొణిగి, చేతులు కడుక్కొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. చిన్నమ్మ వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను ఎప్పటిలాగే తల వంచి, “ప్రార్థన చేసుకుందామా?” అన్నాడు.

ఆ వంచిన తల ఆమెకి బాగా తెలుసు. ఏదో అడగబోయే ముందు అది ఇంకాస్త కిందికి వంగుతుంది. పెళ్ళైన రెండో ఏడు, బడిలో ఉద్యోగం మానెయ్యమని అడిగింది ఇలాంటి ఒక ఆమెన్ తర్వాతే. ప్రేమగా అడిగాడు. ఆమె సరే అంది. సరే అనేటప్పుడు పళ్ళెంలో అన్నం చల్లారిపోతోందని ఒకటే ఆలోచన. ఆ తర్వాత చాలా సరేలు అలాగే అయిపోయాయి. వాటిలో తనంతట తను అన్నవి ఏవో ఇప్పుడు వేరు చెయ్యలేకపోతోంది.

“ఏమండీ, అడగవలసింది ముందు అడగండి,” అంది. “కాదనడానికి నాకూ వీలుండాలి కదా.”

అతను తల ఎత్తాడు.

“ఆదివారం చర్చి నుంచి పన్నెండుమందిని భోజనానికి పిలుద్దామనుకున్నాను.”

చిన్నమ్మ ఆలోచించింది. ఆదివారం పొద్దుట్నుంచి తను నిలబడవలసిన చోట్లన్నీ మనసులో ఒకసారి తిరిగొచ్చింది.

“నలుగురికైతే వండుతాను.”

అతను వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టుకున్నాడు.

“నలుగురినే పిలుస్తాను,” అన్నాడు.

అప్పుడు కళ్ళు మూసుకుంది.