నట్టచలి

ఆ మాట పుట్టింది మా వంటింట్లో. పెళ్ళైన కొత్తలో ఓసారి నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, మా ఆయన గుమ్మంలో నిలబడి శాలువా కప్పుకున్నాడు. "నట్టిల్లు ఉంది, నట్టడవి ఉంది, నట్టేరు ఉంది. ఇదిగో, ఇది నట్టచలి!" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. అప్పట్నుంచి నేనలిగితే ఇంట్లో నట్టచలి. చలికాలం ముదిరి గడ్డకట్టించే రోజులన్నమాట. నిఘంటువులో లేదు, మా ఇద్దరికే ఉంది.

ఆయన రేడియోలో వార్తలు రాస్తాడు. మొన్న పొద్దున స్టవ్ తుడుస్తూ వింటున్నాను. వాతావరణం చదివే అమ్మాయి, "ఈ వారమంతా నట్టచలి కొనసాగుతుంది" అంది. ఎంత ముద్దుగా పలికిందో! నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఆయన్ని చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"మన మాట ఆ పిల్ల నోట్లోకి ఎలా వెళ్ళిందండీ?"

"నేనే రాశానోయ్. 'తీవ్రమైన చలి' అని రాసి రాసి విసుగొచ్చింది. మంచి మాట, నలుగురూ వాడుకుంటే తప్పేంటి?"

నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునే రకాన్ని కాదు. కానీ ఆ పిల్లది తేనె గొంతు, నాది బొంగురు. కుళ్ళుకున్నాను, దాచడమెందుకు? ఆయనతో మాట్లాడటం మానేశాను.

నిన్న ఆయన కళ్ళద్దాలు మర్చిపోయి వెళ్ళాడు. అవి లేకపోతే ఎదురుగా ఏనుగొచ్చినా పోల్చుకోలేడు. అలకలో ఉన్నా మనసొప్పక రేడియో స్టేషన్‌కి తీసుకెళ్ళాను. వాళ్ళ గది తలుపు బార్లా తీసుంది. ఆ అమ్మాయి అటు తిరిగి, ఆయన బల్ల మీద చెయ్యానించి నిలబడింది. ఆయన చూపు నా వైపే ఉంది, నేనని మాత్రం తెలియలేదు.

"ఏంటి సార్, ఇంట్లో నట్టచలి తగ్గిందా?" అందా అమ్మాయి.

"ఎక్కడ! ఇంకా ముదిరింది" అని ఆయన పకపకా నవ్వాడు.

నట్టచలి అంటే పెద్ద చలి అని రేడియో విన్నవాళ్ళందరికీ తెలుసు. నట్టచలి అంటే నేనని ఏ వార్తల్లోనూ రాలేదు. అది ఆయన చెబితేనే తెలియాలి. ఎప్పుడు చెప్పాడో, ఎంత నవ్వుకుంటూ చెప్పాడో.

కళ్ళద్దాలు బల్ల మీద పెట్టాను. "అయ్యో, కూర్చోండక్కా" అంటూ ఆ అమ్మాయి కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు. దారంతా ఏడుస్తూనే ఇంటికొచ్చాను. ఈసారి నెల్లాళ్ళు మాట్లాడకూడదనుకున్నాను.

సాయంత్రం ఆయన బెల్లు కొడితే, మొహం కడుక్కుని, నవ్వుతూ తలుపు తీశాను. అలిగితే పొద్దునకల్లా ఆ పిల్లకి తెలిసిపోతుంది.