రెండు డిస్కుల పెట్టె

ఒక్క పెట్టె కొనుక్కోవడానికి ఇంత తతంగమా అని మంజుషకి ఒళ్ళు మండిపోతోంది. పోనీ ఏ వజ్రాల హారమో అడిగిందా అంటే అదీ కాదు!

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు బ్లౌజుల మీద కుడతాయే, ఆ డిజైన్లు గీయడం మంజుష పని. పెనుగొండ నుంచి మండపేట దాకా మిషన్లవాళ్ళు ఆమె దగ్గరే కొంటారు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ గీసినవన్నీ పాత కంప్యూటర్‌లోంచి తీసిన ఒక్క హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. అదేమో ఈమధ్య మొరాయిస్తోంది. ఒకసారి తెరుచుకుంటే రెండుసార్లు తెరుచుకోదు. మరో కాపీ లేదు. అది పోయిందంటే ఆమె పనంతా పోయినట్టే.

ఇంట్లో వైఫైకి తగిలించుకుని, లోపల రెండు డిస్కులు పెట్టుకునే పెట్టెలుంటాయని తెలిసింది. ఒకటి పాడైనా రెండోదాంట్లో అన్నీ ఉంటాయి. సరే, ఏది కొనాలి? వీడియోల్లో ఒకడు ఇది కొనమంటాడు, ఇంకొకడు అది కొన్నవాడంత వెర్రివాడు లేడంటాడు. చూసి చూసి తల బొప్పి కట్టాక ఒకటి ఖాయం చేసుకుంది. తీరా ఆర్డరు పెట్టబోతుంటే మొగుడు వంశీ అడ్డుపడ్డాడు.

"అన్నయ్యకి ఒక మాట చెప్పి కొందామే. చెప్పకపోతే బాగోదు."

"నా పనికి నేను కొనుక్కునేదానికి ఆయనకి చెప్పేదేంటండీ?"

"అబ్బ, చెబితే పోయేదేముంది?"

ఆ ఇంట్లో ఆడవాళ్ళు బావగార్ల ఎదటపడి మాట్లాడరు. ఘోషా రోజులు ఎప్పుడో పోయాయి, మంజుష స్కూటీ వేసుకుని భీమవరం వెళ్ళొస్తుంది. అయినా బావగారు శ్రీనివాసరాజు హాల్లో ఉంటే మాత్రం ఆమె మాట వంశీ నోట్లోంచే వెళ్ళాలి. ఆ పెట్టె గురించి ఆమె అరగంట సేపు విడమరిచి చెప్పింది. వంశీ హాల్లోకి వెళ్ళి రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"మంజుషకి హార్డ్ డిస్క్ పెట్టె కావాలంట అన్నయ్యా. అన్నీ అందులో దాచుకోవాలంట."

"ఓస్, అంతేనా! మన సుధాకర్ లేడూ? మన రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు పెట్టింది వాడేగా. మనవాడుండగా ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర కొనడమేంటి? ఆ పాత డిస్క్ కూడా ఇమ్మను, వాడే చూసుకుంటాడు."

మంజుష తలుపు వెనకే నిలబడి అంతా వింది. వంశీ లోపలికి రాగానే డిస్క్ మాత్రం ఇవ్వనంది.

"అన్నయ్య అడిగాక ఇవ్వకపోతే ఏం బాగుంటుంది చెప్పు?"

వీళ్ళ బాగుండటాలు తగలెయ్య! పళ్ళు నూరుకుంటూనే డిస్క్‌ని మెత్తటి తువాలులో చుట్టి ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం సుధాకర్ వచ్చి హాల్లో టీవీ పక్కన ఒక నల్లటి పెట్టె బిగించాడు. మంజుష వంటింట్లోంచి తొంగిచూసింది. టీవీ నిండా వాళ్ళ రొయ్యల చెరువులు. నీళ్ళు చిలికే ఏరేటర్లు గిర్రున తిరుగుతున్నాయి. బావగారు సోఫాలో కూర్చుని మురిసిపోతూ చూస్తున్నారు. ఇది తనడిగిన పెట్టె కాదని ఆమెకి చూడగానే అర్థమైంది. వంశీని సైగ చేసి పిలిచి, తన డిస్క్ ఎక్కడుందో అడగమంది. వంశీ వెళ్ళి అడిగాడు.

"లోపలే ఉందండి," అన్నాడు సుధాకర్ హుషారుగా. "రాజుగారు హార్డ్ డిస్క్ పెట్టె అన్నారు కదండీ, కెమెరాల రికార్డింగుకే అనుకున్నానండి. డిస్క్ కూడా మీరే పంపారు, ఇంక కొత్తది దండగెందుకని దాన్నే వేసేశానండి. పెట్టగానే ఫార్మాట్ అడిగిందండి, కొట్టేశాను. పాతవన్నీ పోయి శుభ్రంగా ఉందండి ఇప్పుడు."

ఫార్మాట్ చేసినా, దాని మీద ఇంకేమీ రాయకపోతే కొంత వెనక్కి తీయొచ్చని, అలా తీసేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారని మంజుషకి తెలుసు. కానీ ఆ దిక్కుమాలిన పెట్టె ఇప్పుడు కూడా రాస్తూనే ఉంది!

"ఏవండీ, ముందు దాన్ని ఆపమనండి! చెరువులు రికార్డయ్యే కొద్దీ నా డిజైన్లు చెరిగిపోతాయి. ఇప్పుడు ఆపితే కొన్నయినా దక్కుతాయి, వెళ్ళండి!"

వంశీ వెళ్ళి అన్నగారి ముందు నసిగాడు.

"అన్నయ్యా, అది కాసేపు ఆపుదామా... మంజుషవి ఏవో డిజైన్లు అందులో..."

"ఎల్లుండి రొయ్యల పట్టుబడి పెట్టుకుని కెమెరాలు ఆపుతామా? మొన్న పక్కవాళ్ళ చెరువులో రొయ్యలు ఎత్తుకుపోలేదూ? పట్టుబడి అయ్యాక తీసుకోమను. బ్లౌజుల మీద పువ్వులేగా, మళ్ళీ గీసుకుంటుందిలే."

వంశీ ఆ కబురు మోసుకుని వంటింటి వైపు బయల్దేరాడు. మంజుష అతన్ని దాటుకుని హాల్లోకి వచ్చేసింది.

"బావగారూ!"

సుధాకర్ కూడా నోరు తెరిచి చూశాడు. మంజుష ఆగలేదు.

"మళ్ళీ గీసుకోవడం నావల్ల కాదండి. ఈ ఇంటికొచ్చాక నేను చేసిన పనంతా ఆ డిస్క్‌లోనే ఉందండి. మనం ఇలా మాట్లాడుకుంటుండగానే పోతోందండి. దయచేసి ఆపించండి."

శ్రీనివాసరాజు గారు ఆమె వైపు చూడలేదు. ఆయనకి కోపం కూడా రాలేదు. తలొంచుకుని, ఎంతో మర్యాదగా తమ్ముడితో అన్నారు.

"అమ్మాయికి ఏం కావాలో కనుక్కోరా వంశీ."

వంశీ ఆమె వైపు తిరిగాడు.

"ఏం కావాలి మంజూ?"

మంజుష ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. గోడ దగ్గరికి వెళ్ళి ఆ పెట్టె స్విచ్ కట్టేసింది. టీవీలో చెరువులన్నీ నల్లబడ్డాయి. బావగారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు.

"సుధాకర్ గారూ, ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి," అంది.