అమర్‌నాథ్ పోయాల్సిన ముర్రాట

అన్న చెడిపోవాలని మొక్కుకున్న మొక్కు ఫలిస్తే, దాన్ని అమ్మవారికి చెల్లించాలా, వద్దా? ఏళ్ళుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. దీపం పెట్టినప్పుడల్లా గుర్తొచ్చేది.

మొక్కుకున్నది నా చిన్న తమ్ముడు అమర్‌నాథ్. ఆ అన్న నా పెద్ద తమ్ముడు మోహనకృష్ణ. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు గాని, కొడుకులిద్దరికీ అక్కడ ఉద్యోగం దొరకలేదు. సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. మోహన ఊళ్ళోనే ఖరిదా పేటలో సీడీఎంఏ కంపెనీ ఏజెన్సీ తీసుకున్నాడు. ఆ ఫోన్లలో సిమ్ ఉండదు, నంబరు ఫోనులోనే ఉంటుంది. అమర్ ఇందా పేటలో జీఎస్‌ఎం కంపెనీ సిమ్‌లు అమ్మేవాడు. ఏది గొప్పదో తేల్చుకోవడానికి కంపెనీలు దేశమంతా కొట్టుకుంటుంటే, మా ఇంట్లో అన్నాల దగ్గర వీళ్ళిద్దరూ కొట్టుకునేవారు.

"నీ ఫోను పెళ్ళాం లాటిదన్నియ్యా. ఒకసారి కట్టుకుంటే వొదిలీడానికి నేదు," అనేవాడు అమర్.

"నీ సిమ్ము ఇల్లిల్లూ తిరిగే పిల్లిరా. నా ఫోన్లో మాట గంట కొట్టినట్టు ఇనిపిస్తాది," అనేవాడు మోహన.

మొదట్లో అందరం నవ్వేవాళ్ళం. ఒకే కంపెనీ ఫోన్ల మధ్య మాటలు ఉచితమనే స్కీములొచ్చాక చుట్టాలు కూడా రెండుగా చీలారు. నాన్న ఎవరినీ నొప్పించలేక చొక్కాకి రెండో జేబు కుట్టించుకుని రెండు ఫోన్లూ మోసేవాడు. ఒకనాడు మోహన, తమ్ముడి కొట్టు మెట్లెక్కుతున్న మనిషిని చెయ్యి పట్టుకుని ఆపి, బండెక్కించి తన కొట్టుకు తీసుకుపోయాడట. అమర్ తిన్నగా అమ్మవారి గుడికెళ్ళాడు. అన్న అమ్మే ఫోన్లు మూలపడితే, పండక్కి ఘటానికి తన చేత్తో ముర్రాట పోస్తానని మొక్కుకున్నాడు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పాడు.

ముర్రాట అంటే పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు. అమ్మవారి కుండ, అంటే ఘటం, ఊరేగుతూ గుమ్మంలోకొస్తే, దాన్ని నెత్తిన ఎత్తుకున్న మనిషి కాళ్ళ మీద పోస్తాం. మా వీధి ఘటం ఎత్తేది ఎప్పుడూ మోహనే. కోపంలో అమర్‌కి అది తోచలేదు.

కొన్నేళ్ళకి మోహన కంపెనీ సర్వీసు ఆపేసింది. "దాదా, నా నంబరేది?" అని జనం మోహన కొట్టు మీదకొచ్చారు. సమాధానం చెప్పడానికి కంపెనీ మనిషి ఒక్కడూ రాలేదు. మోహన కొట్టు మూసేసి ఒక గోడౌనులో కాపలాకి కుదిరాడు. తర్వాత అమర్ కంపెనీ కూడా కొత్త నెట్‌వర్కు ముందు నిలవలేక మరోదాంట్లో కలిసిపోయింది. వాడిప్పుడు చార్జర్లు, ఫోను కవర్లు అమ్ముకుంటున్నాడు. ఎవరి కోసం కొట్టుకున్నట్టు వీళ్ళు? నాన్న పోయిన రోజున కూడా పక్కపక్కనే నిలబడ్డారే గాని, మాట్లాడుకోలేదు.

ఏటా ఘటం అమర్ గుమ్మానికొచ్చేది. వాడి భార్య ప్రశాంతి నీళ్ళు పోసేది. వాడు గదిలోనే ఉండిపోయేవాడు.

"తీర్సీమంటావేటప్పా? ఎవుడు సెడాలని మొక్కినానో ఆడి కాళ్ళకే పొయ్యాలి," అనేవాడు నాతో.

అమ్మవారు అలాంటి కోరిక వింటుందా, లేక కంపెనీయే తన లాభం చూసుకుని మూసుకుందా?

ఈ ఏడు మోహన మోకాళ్ళు బాగా అరిగిపోయాయి. ఘటం ఎత్తడం తనకిదే ఆఖరన్నాడు. అది విని పండగ పొద్దున్నే అమర్ ఇంటికి వెళ్ళాను.

"మల్లీ ఏడు ఇంకెవుడో ఎత్తుతాడు. అప్పుడు పోస్తే అమ్మకి సెల్లుతాదేమో గాని, నీకు సెల్లదురా," అన్నాను.

వాడు లేచి గదిలోకి పోయాడు.

డప్పులు దగ్గరికొచ్చాయి. మోహన గుమ్మం ముందు ఆగాడు. ప్రశాంతి చెంబు ఎత్తబోతుంటే అమర్ లోపల్నుంచి వచ్చి అందుకున్నాడు. వంగి అన్న పాదాల మీద పోశాడు. అన్న కాలి వేలికంటుకున్న వేపాకుని చేత్తో తీశాడు.

నెత్తిన ఘటముంది కాబట్టి మోహన తల వంచలేదు. కళ్ళు మాత్రం దించాడు.

"ఏట్రా, మీ ఇంట్లో ఆడోల్లు నేరా?"

"మొక్కన్నియ్యా. పాతది."

"ఏటని మొక్కినావు?"

"నీ ఫోన్లు మూలపడాలని."

డప్పులవాళ్ళు ముందుకు పోయి, వెనక్కి తిరిగి చూశారు.

"సెంబులో ఇంకా ఉన్నాయి గదా," అన్నాడు మోహన. "అయ్యి కూడా పోసీ."

అమర్ చెంబు వంచి చివరి చుక్క దాకా పోశాడు.