రెండో నీళ్ళు

పోలీసులు రామప్పను నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. పదకొండో రోజు పొద్దున్నే జీపులో తెచ్చి గుడిసె ముందు దించారు. నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లగుడ్డ బిగించి కట్టి ఉంది. పోస్టుమార్టం కాగితంలో గుండెపోటని రాశారు. "గుడ్డ ఇప్పొద్దు, ఆలీసెం సేయకుండా బిన్నా పూడ్సేయండి" అని చెప్పి హెడ్ కానిస్టేబుల్ జీపెక్కాడు.

నా పేరు హనుమంతు. మదనపల్లె టమోటా మార్కెట్టులో హమాలీని, కూలీ సంఘం సెక్రటరీని. చదువుకునే పిల్లలకీ కష్టం చేసుకునే అన్నలకీ చెప్తున్నాను, ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. తొంభై ఎనిమిదిలో జరిగింది.

మా సంఘం మనిషి రామప్ప చేసిన నేరం ఒకటే. పుంగనూరు పక్కన వాళ్ళ ఊరి భూస్వామి కాయకోతకొచ్చిన ఆడమనిషిని కొడితే, ఊరి కూలీలందరి చేతా కోత ఆపించాడు. వారం తిరక్కుండా భూస్వామి బావిమోటారు పోయింది. దొంగ రామప్పే అన్నారు, రిమాండుకు తోశారు.

సబ్‌జైల్లో జైలరు లక్ష్మీపతి రిమాండు ఖైదీలను తన సొంత ఇంటి పునాది తవ్వడానికి తోలేవాడు. రామప్ప గడ్డపార ముట్టలేదు. "మా కేసే తేలలేదు సార్. మాకు పని సెప్పకూడదని సట్టంలో ఉండాది" అన్నాడు. ఆ మాట మా లాయరు సుదర్శన్ సంఘం మీటింగులో చెప్పిందే. చట్టం తెలిసిన కూలోడంటే వాళ్ళకు ఒళ్ళు మంట. రామప్పను గదిలో వేసి కొట్టారని, ఆ అరుపులు విన్న ఖైదీ ఒకడు బెయిలు మీద వచ్చి మాకు చెప్పాడు.

శవం వచ్చిందని తెలిసి నేనూ సుదర్శనూ ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని రామప్ప గుడిసెకు వెళ్ళేలోపల మావాళ్ళు పొరపాటు చేసేశారు. మాలో శవం వాకిలి దాటాలంటే నీళ్ళు పోసి ఒళ్ళంతా పసుపు పట్టించాలి. గుడ్డ విప్పి కమిలిన ఒళ్ళు చూసిన ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. చూడలేక, దెబ్బలున్న చోటల్లా పసుపు ఇంకాస్త మందంగా మెత్తారు.

"ఎంత పని సేసినారమ్మా! ఫొటోలో పసుపు తప్ప ఏం పడతాది? మళ్ళా కడగండి" అన్నాడు సుదర్శన్.

రామప్ప తల్లి రత్నమ్మ అడ్డం వచ్చింది. "పీనుగకు రెండోతూరి నీళ్ళు పోయకూడదప్పా. పోస్తే ఇంకో పీనుగ లేస్తాది."

రామప్ప పెండ్లాం మునిలక్ష్మి అప్పటిదాకా గోడకానుకుని కూర్చుని ఉంది. లేచి కొంగు దోపుకుంది. "లేస్తే లేయనీ అత్తా. ఈతూరి లేసేది మనింట్లో కాదు. అన్నా, మదనపల్లెకు ఎత్తండి. నలుగురూ సూస్తాండంగా కడగాల" అంది.

ట్రాక్టరులో తెచ్చి సబ్ కలెక్టరాఫీసు గేటు ముందు దించాం. హమాలీలు మోస్తున్న గంపలు ఎక్కడివక్కడ దించి వచ్చారు. కాలేజీ పిల్లలు క్లాసులు వదిలి వచ్చారు. మునిలక్ష్మి బిందె ఎత్తి నీళ్ళు పోసింది. పసుపు కారిపోయేకొద్దీ వీపు మీద లాఠీ వాతలు తేలాయి. అరికాళ్ళు నల్లగా ఉబ్బి ఉన్నాయి. ఫొటోగ్రాఫరు ఒక్కో వాతకీ ఒక్కో ఫొటో తీశాడు.

"జైలర్ని ఉరి తీయాల" అని ఎవరో అరిచారు. వందల గొంతులు అందుకున్నాయి.

మార్కెట్టు ముందర అంగడి పెట్టుకున్న వెంకటేశులు నా రొమ్ము మీద వేలు పెట్టాడు. "పోయినేడు ఎవురో కూలోనికి ఉరి పడితే వద్దని మా చేత సంతకాలు పెట్టిచ్చినారే. ఇప్పుడు సెప్పప్పా, ఈనికీ వద్దా?"

నిజం దాచడమెందుకు, నాకూ ఆ తాడే కావాలనిపించింది.

సుదర్శన్ ట్రాక్టరెక్కాడు. "ఉరితాడు సర్కారు సేతిలో ఉండాది. అది మనట్లా బీదోళ్ళ మెడలే ఎతుక్కుంటాది. జైలర్ని ఉరి తీసింది యాడన్నా ఇన్నారా?"

"అయితే ఇడిసిపెట్టమంటావా?" అంటూ హమాలీలు అతని మీదికి పోయారు.

మునిలక్ష్మి బిందె కింద పెట్టింది. తడిచీరతోనే మా మధ్యకు వచ్చింది.

"ఉరి నాకొద్దు. తాడేస్తే ఒక్క గుక్కలో పోతాడు, వానికి సుకం. జైల్లో నా మొగుడు పండుకున్న బండ మీద వాడు పండుకోవాల. సట్టం ఇచ్చేటివన్నీ వానికి ఇయ్యండి. కూడు పెట్టండి, జొరమొస్తే డాక్టరుకు సూపియ్యండి. ములాకత్తు ఉండే ప్రతి దినమూ నేను పోతా. కమ్మీలకాడ నిలబడి వాని మొగం సూసి వస్తా."

ఆమె వెళ్ళి శవం తలాపున కూర్చుంది. ఆమె చుట్టూ మేమంతా కూర్చున్నాం. మధ్యాహ్నానికి మళ్ళీ పోస్టుమార్టం చేయమని ఆర్డరొచ్చింది. పోలీసులు లేవమన్నారు. జైలరు పేరు కేసులో ఎక్కేదాకా లేచేది లేదన్నాం. లాఠీలు విరిగాయి, తలలు పగిలాయి, నా చెయ్యి విరిగింది. పొద్దు వాలేసరికి పేరు ఎక్కింది. ఆ వారమే చుట్టుపక్కల జైళ్ళలో రిమాండు ఖైదీలు బయటి పనికి కదలమని భీష్మించుకున్నారు.

లక్ష్మీపతిని కోర్టుకు తెచ్చిన రోజు మేమంతా గేటు దగ్గరున్నాం. ముఖానికి తువ్వాలు కప్పుకుని దిగాడు. నా పక్కనున్న హమాలీ రాయెత్తాడు. మునిలక్ష్మి వాడి మణికట్టు పట్టుకుంది.

"అన్నా, కొట్టొద్దు. వాడు శానా ఏండ్లు బతకాల" అంది.